చదువు అక్కర్లేని పండితుడి బల్ల: కొత్తగా కొనేవారికి చిట్కాలు

చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నాయి. ఇల్లు కట్టారు, కారు మార్చారు, హాల్లో టీవీ గోడంత అయింది. అయినా ఇంటికొచ్చినవాళ్లు మిమ్మల్ని ఉన్నవాడనే అంటున్నారు గానీ అభిరుచి ఉన్నవాడని ఒక్కరూ అనడం లేదు. ఈ బాధకు మందు చైనావాళ్లు ఎప్పుడో కనిపెట్టారు. మింగ్ వంశపు చివరి రోజుల్లో సుజౌ, హాంగ్‌జౌ ఊళ్లలో పట్టు, ఉప్పు వ్యాపారాల్లో దండిగా గడించిన షావుకార్లకు సరిగ్గా ఇదే బాధ ఉండేది. పరీక్షలు గట్టెక్కి కొలువుల్లో కుదురుకున్న పండితులు వాళ్లను తమ పక్కన కూర్చోనిచ్చేవారు కాదు. పండితుడి చదువు అంగట్లో దొరకదు. కానీ ఆయన బల్ల మీది సామాను దొరుకుతుంది. షావుకార్లు అదే కొన్నారు. మనమూ అదే కొందాం.

కుంచె, సిరా, కాగితం, సిరా నూరే రాయి: ఈ నాలుగూ అసలు పనిముట్లు. వీటి చుట్టూ చేరిన పరివారం మీదే మన కన్ను. కుంచెలు నిలబెట్టే డబ్బా, తడి కుంచెను ఆనించే బుల్లి కొండ, కుంచె కడిగే గిన్నె, రాయి మీద నీళ్లు చుక్క చుక్కగా వదిలే చిట్టి చెంబు, ఆరని సిరా చేతికి అంటకుండా మణికట్టు కింద పెట్టుకునే వెదురు బద్ద, పేపర్‌వెయిట్, రాతి ముద్రలు, ఎర్ర ముద్రసిరా డబ్బీ. ఇవన్నీ కాక, ఏ పనికీ రాని ఒక వంకరటింకర రాయి.

ఇక వినండి.

పుస్తకాలు ముట్టుకోవద్దు

ఈ సామాను గురించి ఏమీ చదవకండి. చదివినకొద్దీ అనుమానాలు పెరుగుతాయి, అనుమానం పెరిగితే బేరం చెడుతుంది. 1388లోనే త్సావ్ ఝావ్ అనే పెద్దమనిషి పాత వస్తువుల మంచిచెడ్డల మీద ఒక పుస్తకం రాసి, ఏది నకిలీయో ఎలా పట్టుకోవాలో చెప్పాడు. రెండు వందల ఏళ్లు గడిచాక, 1591లో, హాంగ్‌జౌ వాసి గావ్ ల్యెన్ మరో అడుగు ముందుకేసి పాతకాలపు కంచుకు దొంగ చిలుము ఎలా పట్టిస్తారో కూడా వివరించాడు. ఇందులో మీరు తెలుసుకోవలసింది ఒకటే. ఆరు వందల ఏళ్ల కిందటే నకిలీలు ఉన్నాయంటే, నకిలీలు కూడా ఈపాటికి పురాతన వస్తువులైపోయి ఉంటాయి. కాబట్టి భయమెందుకు?

వీళ్ల తర్వాత సుజౌలో వెన్ ఝెన్‌హెంగ్ వచ్చాడు. గొప్ప చిత్రకారుడు వెన్ ఝెంగ్‌మింగ్‌కు మునిమనవడు. అనవసర వస్తువులు అనే అర్థం వచ్చే పేరుతో ఏకంగా ఒక గ్రంథమే రాసి, కుంచెల డబ్బా నుంచి మంచం దాకా ఏది సంస్కారం, ఏది మోటు అని తీర్పులు చెప్పాడు. చెక్కడం ఎక్కువైతే మోటు, బంగారు పూత మోటు, పనికి అడ్డొచ్చేదల్లా మోటు. ఈయన మాట వింటే మీ బల్ల మీద సాదా చెక్క, సాదా వెదురు, సాదా రాయి మిగులుతాయి. చుట్టాలొచ్చి చూసి, ఇంకా సామాను సర్దలేదా అని అడుగుతారు.

మ్యూజియంల జోలికీ పోవద్దు. బీజింగ్‌లోని రాజప్రాసాదం మ్యూజియం, తైపేలోని జాతీయ మ్యూజియం, షాంఘై మ్యూజియం సరే, అంత దూరం ఎలాగూ పోరు. కానీ హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం చేతికందేంత దగ్గరలో ఉంది, అదే ప్రమాదం. మూడో సాలార్‌జంగ్ పోగుచేసిన చైనా పింగాణీ, జేడ్ అక్కడ గాజు వెనక ఉన్నాయి. మంచి వస్తువును పదేపదే చూస్తే కన్ను చెడిపోతుంది. ఆ తర్వాత నాసిరకం వస్తువు ఎంత మెరిసినా మనసుకు ఆనదు, కొనడం ఆగిపోతుంది.

అంతకన్నా ప్రమాదం ఇంకోటుంది. పెద్ద వేలం సంస్థలు అమ్మకానికి ముందు కొన్ని రోజులు వస్తువులను ప్రదర్శనకు పెడతాయి. అడిగితే చేతికి కూడా ఇస్తాయి. కొనకపోయినా ఏమీ అనరు. కుంచెల డబ్బాను అరచేతిలో తిప్పి చూడొచ్చు, అంచు వేలితో తడిమి చూడొచ్చు, బరువు తెలుసుకోవచ్చు. ఈ విషయాల్లో కాస్తో కూస్తో తెలిసినవాళ్లందరూ ఇలా చేత్తో పట్టుకుని నేర్చుకున్నవాళ్లే. మీరు మాత్రం ఫోన్లో ఫోటో చూసి, రాత్రి పదకొండు దాటాక, నిద్రమత్తులో కొనండి.

రాయి ఎంత పెద్దదైతే అంత పాండిత్యం

మొదట సిరా రాయి కొనండి. బరువుంటుంది కాబట్టి, డబ్బిచ్చినందుకు ఏదో చేతికొచ్చినట్టు ఉంటుంది. పెద్దది కొనండి. నలుగురు మోసేది అయితే ఇంకా మంచిది. పైన తొమ్మిది డ్రాగన్లు, మబ్బులు, తామరపూలు, ఒక పగోడా, నవ్వుతున్న ఒక ముసలాయన ఉండాలి. ఇంత చెక్కాక సిరా నూరడానికి చోటెక్కడ అని అడిగారంటే మీకు కళ అంటే తెలియదన్నమాట.

పాత పండితులు వాడినవి ఎక్కువగా రెండు చేతుల్లో ఇమిడే రాళ్లు. ఒక పక్క చదును, ఒక పక్క సిరా నిలిచే గుంట. చెక్కడం ఉంటే అంచున ఉంటుంది, లేదా రాతిలోని లోపం కనపడకుండా అక్కడ ఒక తీగో మబ్బో ఉంటుంది. మంచి రాయిని వీలైనంత తక్కువగా ముట్టుకోవడమే చెక్కేవాడి గొప్ప. వీటిలో దువాన్ రాళ్లకు ఎక్కువ పేరు. అవి గ్వాంగ్‌డోంగ్‌లోని ఝావ్‌చింగ్ దగ్గర కొండల్లో తాంగ్ వంశం కాలం నుంచి తవ్వినవి. అన్నిటికన్నా పేరున్న పాత గని నీటి మట్టానికి దిగువన ఉండేది. నది తగ్గిన నెలల్లో లోపలి నీళ్లు తోడిపోసి, మనిషి పాకుతూ పట్టేంత సందుల్లో దూరి రాయి తెచ్చేవారు. రెండో పేరు షె రాళ్లది. ఇప్పటి జ్యాంగ్‌షీలోని వుయువాన్ ప్రాంతంలో దొరుకుతాయి. నల్లటి పలకరాయిలాంటి ఒంటి మీద బంగారు చుక్కలో, సన్నటి కనుబొమ గీతలో ఉంటాయి. వేలితో కొడితే షె రాయి లోహంలా మోగుతుంది, దువాన్ చెక్కలా చప్పుడు చేస్తుంది.

ఇవన్నీ తెలిసినా చివరికి పరీక్ష ఒకటే. నాలుగు చుక్కల నీళ్లు వేసి సిరా కడ్డీని నూరి చూడడం. మనింట్లో గంధం అరగదీసే సాన లాంటిదే ఇదీ. మరీ గరుకైతే రజను రాలుతుంది, మరీ నునుపైతే కడ్డీ జారిపోతుంది. మంచి రాయి సిరాను మెత్తగా పట్టి లాగుతుంది, కుంచె వెంట్రుకను మాత్రం తినదు. మీకు ఈ శ్రమ దేనికి? కొట్టువాడి ముందు రాయిని తడిపితే మర్యాదగా ఉండదు. పైగా కొన్ని రాళ్లు తడిపితే రంగు దిగుతాయి. దిగినప్పుడు ఇద్దరికీ ఇబ్బంది.

దువాన్ రాయిలో కళ్లుంటాయి. ఆకుపచ్చ, పసుపు కలిసిన గుండ్రటి మచ్చ, చుట్టూ వలయాలు, మధ్యలో కంటిపాపలా నల్లటి చుక్క. పూర్వం ఈ కళ్ల కోసం పడిచచ్చినవాళ్లూ ఉన్నారు, అవి రాయికి పట్టిన రోగమని కొట్టిపారేసినవాళ్లూ ఉన్నారు. కన్నుకింత అని ధర కట్టే బేరం తెలిసిన దొంగ చేతివాటాలు కూడా అంతే పాతవి. రాయికి బెజ్జం వేసి, వేరే రాతి ముక్క కుదించి అతికిస్తే కన్ను తయారు. మీరు కళ్లు లెక్కపెట్టి డబ్బివ్వండి. అన్నీ ఒకే సైజులో, ఒకే వరసలో, ఒకే వైపు చూస్తుంటే రాయి క్రమశిక్షణ గలదని అర్థం.

ఇంటికి తెచ్చాక గిన్నెలు తోమే పీచు, సబ్బు, మరిగే నీళ్లు సిద్ధం చేసుకోండి. పాత రాయి గుంట అంచుల్లో ఎంత నానబెట్టినా వదలని నల్లటి పొర ఉంటుంది. వందల ఏళ్ల సిరా అది. దాన్ని గోకకూడదని మింగ్ కాలంలోనే రాసిపెట్టారు. చల్లటి నీళ్లతో, ఎండిన తామరకాయ తొడుగుతో మెల్లగా కడిగేవారట. మీరు వారి మాట వినకుండా తళతళలాడేదాకా తోమండి. కొత్త రాయిలా కనపడుతుంది. అసలు కొత్త రాయే అయితే, తోమిన తర్వాత కూడా అలాగే ఉంటుంది. అదొక లాభం.

ఈ రాళ్ల పిచ్చికి మూలపురుషుడు సోంగ్ కాలపు మీ ఫూ. 1051లో పుట్టి 1107లో పోయాడు. గొప్ప లిపికారుడు, సిరా రాళ్ల మీద ఒక గ్రంథం కూడా రాశాడు. ఒకసారి చక్రవర్తి హుయ్‌జోంగ్ ఎదుట, రాజుగారి రాయి మీద నూరిన సిరాతో రాశాడట. రాయడం అయ్యాక, తను ముట్టిన రాయి ఇక రాజుగారికి పనికిరాదని చెప్పి, తడి సిరా బట్టలన్నీ పాడుచేస్తున్నా లెక్కచేయక దాన్ని చంకన పెట్టుకుని పరుగెత్తాడని కథ. ఇంకో కథలో, ఉద్యోగంలో చేరబోతూ ఒక వింత రాయి కనపడితే దుస్తులు సవరించుకుని సాష్టాంగపడి అన్నగారూ అని పిలిచాడు. ఈ మీ ఫూ మరో పనిలోనూ దిట్ట. స్నేహితుల దగ్గర పాత చిత్రాలు అరువు తెచ్చుకుని, నకలు తీసి, నకలు తిరిగిచ్చేవాడని పేరు. కొన్నిసార్లు అసలూ నకలూ రెండూ ముందుంచి మీది ఏదో మీరే తీసుకోండి అనేవాడట. నా ఈ మొత్తం వ్యాసంలో అనుసరించదగిన మనిషి ఎవరైనా ఉంటే ఈయనే. అయితే ఆయనకు రాయడం వచ్చు. మనకు ఆ ఒక్కటి తక్కువ.

బల్ల మీది వింత రాయి విషయం తొందరగా తేల్చేద్దాం. ఆన్‌హ్వే నుంచి వచ్చే లింగ్బీ రాయి కొడితే గంటలా మోగుతుంది. గ్వాంగ్‌డోంగ్ యింగ్‌దె రాయి ముడతలు ముడతలుగా ఉంటుంది. తాయ్‌హు సరస్సు రాయి నిండా తొర్రలే. సన్నగా ఉండాలి, ముడతలుండాలి, తొర్రలుండాలి, వాటిలోంచి వెలుతురు దాటాలి అని లెక్క. ప్రకృతి చేసిన రాయిని నకిలీ ఎలా చేస్తారని మీకు ధైర్యం. 12వ శతాబ్దంలో దు వాన్ రాసిన రాళ్ల పుస్తకంలోనే ఆ సంగతి ఉంది: తాయ్‌హు రాళ్లకు ఉలితో మెరుగులు దిద్ది, మళ్లీ సరస్సులో ముంచి, అలల తాకిడికి ఉలి దెబ్బలు మాసిపోయేదాకా వదిలేసేవారు. ఇప్పటివాళ్లకు అంత ఓపిక లేదు, ఆమ్లం, డ్రిల్లింగ్ మిషన్ ఉన్నాయి. మీరు ఆ తొర్రల్లోకి వేలు పెట్టి చూడకండి. అన్నీ ఒకే కొలతలో తగిలితే మనసు పాడవుతుంది.

అడుగున పేరు, పక్కన కథ

ఏ వస్తువైనా చేతికి రాగానే తిరగేసి అడుగు చూడండి. అక్కడ చక్రవర్తి పేరు ఉంటే చాలు. ఆకారం, బరువు, గ్లేజు, పునాది అంచు దగ్గర గ్లేజు ఆగిన చోట బయటపడే మట్టి, ఇవన్నీ పనిలేనివాళ్లు చూసేవి.

అక్షరాలు రాయడం మట్టి కాల్చడం కన్నా తేలికని పింగాణీ ఊరు జింగ్‌దెజెన్ కుమ్మరులకు మనకన్నా ముందే తెలుసు. కాంగ్‌షీ చక్రవర్తి కాలంలో, 1677లో, పింగాణీ మీద ఏలినవారి శకం పేరు రాయవద్దని అక్కడి అధికారి ఉత్తర్వు వేశాడు. పగిలి పెంటకుప్పల్లో పడితే రాజుగారి పేరుకు అపచారం కదా. కుమ్మరులు మరి ఏం రాశారు? కొందరు ఖాళీ వలయం గీసి వదిలేశారు. కొందరు వందల ఏళ్ల నాటి మింగ్ రాజులు షువాన్‌దె, చెంగ్‌హ్వా పేర్లు రాశారు. మోసానికే కాదు, పాతవారి మీద గౌరవంతో కూడా రాసేవారు. ఫలితంగా అడుగున మింగ్ పేరున్న చక్కటి కాంగ్‌షీ గిన్నెలు ప్రపంచమంతా ఉన్నాయి. మీ చేతికి వచ్చేది అదైనా కాదు. కాంగ్‌షీ వాళ్లు మింగ్‌ను అనుకరించినదాన్ని చూసి నిన్నగాక మొన్న చేసినది.

పేరే సర్వస్వమనే మన సూత్రానికి ఒక చిన్న అడ్డంకి ఉంది, మీరు విననట్టే ఉండండి. 2017 అక్టోబరులో హాంకాంగ్‌లో సదబీస్ వేలంలో ఒక కుంచె కడిగే గిన్నె 29.43 కోట్ల హాంకాంగ్ డాలర్లకు పోయింది. వెడల్పు 13 సెంటీమీటర్లే. ఉత్తర సోంగ్ కాలపు రు బట్టీల సామాను, ప్రపంచంలో మిగిలినవి వంద లోపే. నీలి రంగు గ్లేజు, కంటికి ఆనీ ఆనని సన్నటి పగుళ్లు, డ్రాగన్ ఒక్కటీ లేదు. రు సామాను అడుగున ఉండేది బట్టీలో నిలబెట్టిన ముళ్ల గుర్తులు, నువ్వుగింజంతేసి. ఇలాంటి గిన్నె మన సంతలో కనపడితే మీరూ నేనూ అందులో సబ్బు పెట్టుకుంటాం.

వెదురు విషయంలో సంతకం చూడండి. షాంఘై దగ్గరి జ్యాదింగ్ ఊరు వెదురు చెక్కడానికి పేరు పడింది. ఝు కుటుంబంలో తాత, తండ్రి, మనవడు ముగ్గురూ మేటి పనివాళ్లు. మనవడు ఝు సాన్‌సోంగ్ సంతకం ఎన్ని కుంచెల డబ్బాల మీద ఉందంటే, అవన్నీ నిజమైతే ఆయన నిద్ర, తిండి మాని వెదురుతోపుల్లోనే బతికి ఉండాలి. తండ్రి ఝు షియావ్‌సోంగ్ చేసిన ఒక అగరు గొట్టం 1966లో షాంఘై శివార్లలో ఒక మింగ్ సమాధిలో దొరికింది. ఇప్పుడు షాంఘై మ్యూజియంలో ఉంది. కొండగుహలో దేవకన్యల దగ్గరికి చేరిన ఇద్దరు మనుషుల కథ దాని చుట్టూ చెక్కి ఉంది. మట్టిలోంచి నేరుగా వచ్చింది కాబట్టి దాన్ని అనుమానించాల్సిన పని లేదు. మిగతా సంతకాలన్నిటినీ దాని పక్కన పెట్టి కత్తి ఎంత లోతు దిగింది, ఆకు అంచు ఎలా తిరిగింది అని పోల్చి చూస్తారు తెలిసినవాళ్లు. మీకు అక్షరాలు ఉంటే చాలు.

ముద్రల్లో త్యెన్‌హువాంగ్ రాయి అడగండి. ఫూజౌ దగ్గర శౌషాన్ ఊరి పొలాల్లో, మట్టి కింద దొరికే పచ్చటి మెత్తటి రాయి. బంగారం కన్నా ఎక్కువ తూగుతుందని ప్రతీతి. లోపల ముల్లంగి పీచులాంటి సన్నటి నారలు కనపడాలంటారు. ఇప్పుడు రెసిన్‌తో చేసినవాటిలో కూడా నారలు కనపడుతున్నాయి, ఒక్కోసారి అసలుకన్నా అందంగా. చియన్‌లోంగ్ చక్రవర్తికి ఒకే రాతిలోంచి గొలుసుతో సహా తొలిచిన మూడు ముద్రలుండేవి. చివరి చక్రవర్తి పుయీ వాటిని దూది కోటులో దాచుకుని తిరిగి, ఖైదీగా ఉన్నప్పుడు అప్పజెప్పాడు. అవి బీజింగ్‌లో భద్రంగా ఉన్నాయి. మీకు అమ్మజూపేవాడు అవే ఇవని చెప్పినా ఆశ్చర్యపోకండి, బేరమాడండి.

కథ లేని వస్తువు కొనకండి. రసీదు, పాత వేలం జాబితాలో ఫోటో, ఫలానా సంవత్సరంలో ఫలానా కొట్టులో కొన్నామన్న బిల్లు, ఇవి కథ కాదు, చప్పగా ఉంటాయి. కథ అంటే ఇలా ఉండాలి: మా తాతగారు మిలిటరీలో ఉండేవారండీ, 1900లో బాక్సర్ల తిరుగుబాటప్పుడు బీజింగ్ వెళ్లారు, అక్కడ ఒక రాజకుమారి ప్రాణం కాపాడితే... బ్రిటిష్ సైన్యంతో మన సిపాయిలు అప్పుడు బీజింగ్ వెళ్లిన మాట నిజం, లూటీ జరిగిన మాటా నిజం. మంచి అబద్ధానికి నాలుగోవంతు నిజం కలపాలి. రాజకుమారి దగ్గర మీకు కళ్లు చెమర్చితే ఆ చెమ్మకు విడిగా ధర ఉంటుంది.

సిరా కడ్డీలు కొంటే చెంగ్ జున్‌ఫాంగ్ పేరున్నవే కొనండి, లేదా ఫాంగ్ యూలు పేరున్నవి. ఇద్దరూ మింగ్ చివర్లో హ్వేజౌలో సిరా వ్యాపారులు. ఫాంగ్ మొదట చెంగ్ దగ్గర పని నేర్చి, తర్వాత ఆయనకే పోటీ కొట్టు పెట్టాడు. అంతే, జీవితాంతం పగ. ఒకరు తమ కడ్డీల బొమ్మలతో అందమైన పుస్తకం అచ్చువేస్తే, రెండోవారు ఇంకా అందమైనది వేశారు. కాపాడినవాడినే తినబోయిన తోడేలు కథను చెంగ్ తన పుస్తకంలో బొమ్మతో సహా వేయించాడు. తోడేలెవరో ఊరందరికీ తెలుసు. అదే పుస్తకంలో జెసూట్ పాదిరీ మాటియో రిచ్చీ ఇచ్చిన నాలుగు బైబిలు బొమ్మలూ ఉన్నాయి. ఈ పుస్తకాల పుణ్యమాని తర్వాతివాళ్లందరికీ అచ్చులు తయారుచేసుకోవడం సులువైంది. ఇద్దరి పేర్లూ ఉన్న కడ్డీ మీకు దొరికితే రెండింతలు ఇచ్చి తీసుకోండి. ఆ ఇద్దరికీ రాజీ కుదిర్చిన ఘనత మీకే దక్కుతుంది.

చెక్క: ఇది మన వాకిట్లోదే

ఈ ఒక్క విషయంలో తెలుగువాళ్లం ఎవరికీ తీసిపోం. చైనా పండితులు కుంచెల డబ్బాలకు, పెట్టెలకు ప్రాణం పెట్టి వాడిన ౙుతాన్ అనే చెక్క ఉంది. మింగ్, చింగ్ ఆస్థానాల్లో దాన్ని మించిన కలప లేదు. 2000లో చైనా ప్రభుత్వం విలువైన కలపలకు ఒక ప్రమాణం రాసినప్పుడు, ౙుతాన్ అనే పేరు ఒకే ఒక్క జాతికి ఇచ్చింది. అది మన ఎర్రచందనం. కడప, చిత్తూరు, నెల్లూరు జిల్లాల ఎర్రటి కొండల్లో, శేషాచలం, వెలికొండ వరసల్లో, ఆ చుట్టుపక్కల తప్ప భూమ్మీద మరెక్కడా తనంత తాను పెరగని చెట్టు. షాంఘై దగ్గర ఆ మింగ్ సమాధిలో వెదురు గొట్టంతో పాటు ౙుతాన్ పెట్టెలూ దొరికాయి. బీజింగ్‌లో ఈ కలపకే అంకితమైన ఒక మ్యూజియం 1999 నుంచి ఉంది. తిరుపతి బొమ్మలు చేసిన చెక్క, వాపుల మీద అరగదీసి పట్టువేసే చెక్క అక్కడ రాజుగారి పక్కన కూర్చుంది.

దీన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. చేవ నీళ్లలో మునుగుతుంది. నాలుగు పొట్టు ముక్కలు సారాలో వేస్తే ఎర్రటి రంగు దారాలుగా దిగుతుంది. నీళ్లలో నానబెట్టి వెలుతురుకు పెడితే నీలంగా మెరుస్తుంది. ఈ పరీక్షలు మన అడవి గార్డులకు కూడా తెలుసు. అందుకని మీరు పరీక్ష మానేసి, తూకం చూసి, ముక్కుతో వాసన పీల్చి, ఆహా అనండి. రంగు పూసిన ఏ ముదురు చెక్కయినా ఆహాకు ఒప్పుకుంటుంది.

లేదా ఇంకా తెలివైన దారి ఉంది. చైనా దాకా ఎందుకు, కలప ఇక్కడిదేగా! ఎవరినో పట్టుకుని ఒక దుంగ తెప్పించి, మంచి వడ్రంగితో కుంచెల డబ్బా చేయించి, బూట్ల పాలిష్ పట్టించి, అడుగున చియన్‌లోంగ్ పేరు చెక్కిస్తే సరి. దుంగ తెచ్చినవాడి మీద, కోసినవాడి మీద, దాచినవాడి మీద కేసులు పడతాయి. దాచినవాడు మీరే. అంతర్జాతీయ ఒప్పందంలో ఈ చెట్టు 1995 నుంచి నమోదై ఉంది కాబట్టి దేశం దాటించినా తలనొప్పే. కానీ కటకటాల వెనక కూడా బల్ల ఇస్తారేమో అడిగి చూడండి.

చట్టం మాట వచ్చింది కాబట్టి ఇది కూడా వినండి. బీజింగ్ వెళితే వారాంతంలో పాన్‌జ్యాయువాన్ సంతకు తెల్లవారకముందే టార్చిలైటు పట్టుకుని వెళ్లండి. చీకట్లో అన్నీ మింగ్ కాలంవే. 1911కు ముందు చేసిన సాంస్కృతిక వస్తువులను దేశం దాటించకూడదని చైనాలో 2007 నుంచి నిబంధన. కాబట్టి మీ పెట్టె విమానాశ్రయంలో నిరభ్యంతరంగా దాటిందంటే మీరు కొన్నది ఏమిటో ప్రభుత్వమే ఉచితంగా ధ్రువీకరించినట్టు. ఏనుగు దంతపు మణికట్టు బద్ద, ఖడ్గమృగం కొమ్ము గిన్నె కూడా అక్కడ కనపడొచ్చు. అవి తెస్తే మన వన్యప్రాణి చట్టం విమానం దిగగానే స్వాగతం చెబుతుంది. పురాతనమని వాదించండి, అధికారులకు చరిత్ర అంటే ఇష్టం.

ఇంటికి వచ్చాక

చేతులు తగిలి, గాలి తగిలి, ఏళ్లు గడిచాక వెదురుకూ చెక్కకూ ఒక మెత్తటి కాంతి వస్తుంది. లోపలి నుంచి వచ్చినట్టు ఉంటుంది, కంట్లో పొడవదు. మీకు అంత కాలం ఎక్కడుంది? వార్నిష్ కొట్టండి. ఈ కాంతిని టీ నీళ్లు, సోయా సాసు, మైనంతో తయారుచేసేవాళ్లు ఎలాగూ మీకు ఒకటి అమ్మి ఉంటారు. అయితే దాన్ని తడి గుడ్డతో తుడవకండి, గుడ్డ గోధుమరంగు అవుతుంది.

వెదురు డబ్బాను ఏసీ గాలి నేరుగా తగిలే చోట పెట్టండి, మధ్యాహ్నం ఏసీ ఆపి కిటికీ తెరవండి. బెజవాడ ఉక్క, ఏసీ పొడి, మళ్లీ ఉక్క. పది రోజులకు టప్పుమని ఒక చప్పుడు. పై నుంచి కింది దాకా బీట. వెదురు ఒళ్లు విరుచుకుంది, అంతే. సిరా కడ్డీలో మసి, జిగురు తప్ప వేరే ఏముంది? జంతువుల చర్మం ఉడికించి తీసిన జిగురు అది. ఎండకు చీలుతుంది, వానాకాలంలో బూజు పడుతుంది. రెండూ జరిగేలా కిటికీ గట్టు మీద పెట్టండి. బూజు వస్తే పాతదనుకుంటారు.

అన్నిటికన్నా ముఖ్యం, ఏ ఒక్కదాన్నీ వాడకండి. నూరని రాయి, తడవని కుంచె, చుక్క వదలని చెంబు, ముద్ర వేయని ముద్ర. అన్నిటినీ గాజు అలమరలో పెట్టి, లోపల నీలం లైటు వేసి, తాళం చెవి ఎక్కడ పెట్టారో మరచిపోండి.

చివరిగా ఒక జాగ్రత్త. మీ కాలనీలోనే ఒకాయన ఉంటాడు. రిటైరయ్యాక ఏదో తరగతిలో చేరి, మామూలు కొట్టులో కొన్న నాసి రాయి మీద రోజూ పొద్దున సిరా నూరుకుని, పాత న్యూస్‌పేపర్ల మీద చైనా అక్షరాలు రాస్తుంటాడు. వేళ్లకు మసి ఉంటుంది. ఆయన వస్తే వాకిట్లోనే కుర్చీ వేసి, ఫిల్టర్ కాఫీ ఇచ్చి, రాజకీయాలు మాట్లాడి పంపేయండి. బల్ల ఉన్న గదికి మాత్రం తీసుకెళ్లకండి. పొరపాటున వెళ్లాడనుకోండి, అక్షరాల వంక చూడడు, అడుగు తిరగేయడు, మీ కథ వినడు. నేరుగా ఆ తొమ్మిది డ్రాగన్ల రాయి దగ్గరికి వెళ్లి, జేబులోంచి సిరా ముక్క తీసి, కొన్ని నీళ్లు ఇస్తారా అని అడుగుతాడు.